ఏరి తెచ్చిన ఇంజన్

మా మామ అప్పలసూరి కోడి కాలు చీకుతూ మైలేజీ గురించి మాట్లాడుతున్నాడు. చెయ్యి చాపితే అందేంత దూరంలో, మడత మంచం మీద చలమయ్య చిన్నాన్న పడుకుని ఉన్నాడు. ఆయనకి ఎడమ కాలు చీలమండ పైనుంచి లేదు.

కొత్త బండికి కూడా పాత ఇంజనే కావాలట మా మామకి. అదే కంపెనీ, అదే పవరు. చిన్న ఇంజన్ డీజిల్ తక్కువ తాగుతుందట. పాడైతే గాజువాకలో ఏ షెడ్డులోనైనా బాగు చేస్తారట. పక్కవీధి ఉదయ్‌కుమార్ బళ్ళన్నీ అవేనట. మాట్లాడుతూనే ఎముక కొరికి, మూలుగ పీల్చి, కంచం అంచున పెట్టాడు.

నాకు ముద్ద దిగలేదు. నిన్న గాక మొన్న ఆస్పత్రినుంచి తెచ్చిన మనిషి ఎదురుగా, ఆ మనిషి కాలు మింగిన ఇంజన్‌ని ఇంత కమ్మగా పొగుడుతారా ఎవరైనా? సీతమ్మధార ఆస్పత్రిలో కట్టు మార్చినప్పుడు వచ్చిన వాసన ఇంకా నా ముక్కులోనే ఉంది. మా మామ ముక్కుకి మాత్రం కోడికూర తప్ప ఇంకేమీ తగలడం లేదు.

మా అత్త దేముడమ్మ వడ్డిస్తోంది. చలమయ్య ఆవిడకి సొంత తమ్ముడు, చంకనేసుకుని పెంచిన తమ్ముడు. అయినా ఆవిడ నోట ఒక్క మాట లేదు. మొగుడి కంచంలో ఇంకో ముక్క వేసింది, తమ్ముడికి చారన్నం కలిపి పెట్టింది, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నా మొగుడు తిరుమలరావు తల ఎత్తలేదు. చిన్నాన్న కాలు పోయిన రోజు ఘాట్‌లో, ఆ కొండదారిలో, స్టీరింగ్ పట్టుకున్నది అతనే.

"మావయ్యా, ఆ ఇంజన్ వద్దు," అన్నాను.

మామ నమలడం ఆపలేదు. "ఏటి?"

"అది సాలూరు ఘాట్ ఎక్కనేక ఎనక్కొచ్చీసింది గదా. మళ్ళీ అదే తెత్తానంటే ఎలా?"

"ఇంజన్ బానే ఎక్కింది. సలమయ్యే కునుకు తీసేడు. దిమ్మ ఎయ్యాల్సిన టయానికి ఎయ్యనేదు. దానికి ఇంజనేటి సేత్తాది?"

మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న కథ ఇదే. వీధిలో అడిగినవాళ్ళకీ ఇదే చెబుతున్నాడు.

దిమ్మ అంటే బరువైన చెక్క ముక్క. ఘాట్ ఎత్తులో లోడుతో ఉన్న ట్రైలర్ ఆగిందంటే, మళ్ళీ కదిలేలోపు వెనక్కి జారుతుంది. జారకుండా వెనక చక్రం కింద దిమ్మ పెట్టడానికి ఒక మనిషి ఉంటాడు. ఎత్తు రాగానే కేబిన్ దిగి, దిమ్మ భుజాన పెట్టుకుని, చక్రం పక్కనే నడుస్తాడు. ఇంజన్ ఎక్కడ రొప్పితే అక్కడ దిమ్మ వేస్తాడు. బండి కాస్త పోతుంది, ఆగుతుంది, మళ్ళీ దిమ్మ. లోడుకి తగ్గ ఇంజన్ ఉంటే ఈ మనిషితో పనే లేదు. మా మామ మాత్రం ఇంజన్‌లో తగ్గించుకున్న బలమంతా బావమరిది భుజం మీద పెట్టాడు. ఏళ్ళ తరబడి పెట్టాడు.

చిన్నాన్న కునుకు తీయలేదు. ఆస్పత్రిలో నాకు అంతా చెప్పాడు. వంపు దగ్గర ముందు లారీ ఆగితే మా బండీ ఆగింది. తిరుమలరావు మళ్ళీ కదపబోయాడు. క్లచ్ కాలిన వాసన వచ్చింది, బండి జారింది. చిన్నాన్న దిమ్మ వేశాడు. చక్రం ఆ దిమ్మ మీదికి ఎక్కి ఇవతల దిగింది. దిగిన చోట ఆయన కాలుంది.

"కునుకు తియ్యనేదు బావా," అని మంచం మీంచి వినపడింది. చాలా చిన్న గొంతు. "దిమ్మ ఏసేను. నువ్వే సూసుకో, దాని మీద టైరు అచ్చుంటాది."

మామ లేచి చెయ్యి కడుక్కున్నాడు, పళ్ళ సందున పుల్ల పెట్టుకున్నాడు, వచ్చి చిన్నాన్న మంచం మీదే చతికిలబడ్డాడు. కాలు ఉండవలసిన చోట కూర్చున్నాడు. అక్కడ ఖాళీగా ఉంది కాబట్టి కూర్చున్నాడు.

కంచం తోసేసి లేచాను. నోటికి వచ్చినవన్నీ అన్నాను. మనిషి కాలు కన్నా మీకు డీజిలెక్కువా అన్నాను. ఈ మంచం మీంచి లేవండి ముందు అని కూడా అన్నాను. కోడలు అనకూడని మాటలే, ఒప్పుకుంటాను. అన్నందుకు నాకేమీ బాధ లేదు.

మామ పుల్ల తీసి చూసుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఆటోనగర్‌లో స్పేర్‌పార్టుల షాపు కౌంటర్లో కూకున్నంత మాత్రాన ఇంజన్లు తెల్సిపోవు కోడలా. రేపు మీ నాన్నని రమ్మంటాను. ఆయనకే సెప్పుకో."

తిరుమలరావు అప్పటికీ అన్నం కలుపుతూనే ఉన్నాడు. కలపడానికి అందులో ఏమీ మిగల్లేదు.

*

మా నాన్న అబ్బులు మద్దిలపాలెంలో ఉంటాడు. అక్కడి బస్సు డిపోలో హెల్పర్‌గా చేసి రిటైరయ్యాడు. గోదావరి వైపునుంచి పనికోసం వచ్చి ఈ ఊళ్ళోనే ఉండిపోయిన మనిషి. వియ్యంకుడు కబురు పెట్టగానే ఇస్త్రీ చొక్కా వేసుకుని మర్నాడు మొదటి బస్సుకే వచ్చాడు.

మామ ఆయనకి కుర్చీ వేయించాడు, టీ ఇప్పించాడు. నా మీద చెప్పవలసినవన్నీ చెప్పాడు. అన్నం దగ్గర లేచిపోయిందన్నాడు, మంచం మీంచి లేవమన్నదన్నాడు. మా బండి సంగతి మాకు నేర్పుతోందన్నాడు. నాన్న కుర్చీ అంచున కూర్చుని తలూపుతూ విన్నాడు. చేతిలో టీ మీద మీగడ కట్టింది.

ఆయనకి చక్రాల సంగతి తెలుసు, బరువు సంగతి తెలుసు. పక్కనే చిన్నాన్న మంచం ఉంది, కట్టు కనపడుతోంది. మా అమ్మాయి అన్నదాంట్లో తప్పేముందని ఒక్క మాట అంటాడని నేను గడప దగ్గరే నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డా ఆ మాట రాలేదు.

కాసేపటికి మామ గొంతు మెత్తబడింది. ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. మోకాళ్ళు బాగున్నాయా అని అడిగాడు.

"ఇప్పుడు కాళీగానే ఉంటన్నారేటి బావగారూ?"

"కాళీయేనండి బావగారూ. పనేవుందండి నాకు."

వెళ్ళేటప్పుడు నాన్న గేటు దగ్గర ఆగాడు. "ఊరుకో అమ్మా. ఆళ్ళిల్లు, ఆళ్ళ బండి," అన్నాడు. నా వంక చూడలేదు. కన్న తండ్రి మీద రోత పుడుతుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ పూట పుట్టింది.

సాయంత్రం వంటింట్లో నీళ్ళు తాగడానికి వచ్చిన తిరుమలరావు గోడకేసి చూస్తూ అన్నాడు. "రేపు షోరూమ్‌కి నువ్వూ రా."

అంతే. గ్లాసు బోర్లించి వెళ్ళిపోయాడు. పెళ్ళయ్యాక అతను తండ్రిని అడక్కుండా చేసిన మొదటి పని అదే అయ్యుంటుంది.

*

మా మామ ఇంజన్ ఎంచుకునే పద్ధతి చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. నాకు ఒళ్ళు మండింది. ట్రైలర్ లేకుండా ఉత్త ముందు భాగం, హెడ్డు అంటారు, దాన్ని ఎక్కి అనకాపల్లి రోడ్డు మీద కాసేపు దౌడు తీయించాడు. తిరిగొచ్చి బానెట్ తట్టాడు. పికప్ అదిరింది, ఇదే ఖాయం అన్నాడు. మా వైపు సగం బళ్ళు ఇలాగే కొంటారు. లోడు మోయవలసినదాన్ని ఖాళీగా తోలి చూసి మురిసిపోతారు.

"కాళీ హెడ్డు ఏ ఇంజనైనా లాగుతాది మావయ్యా. మన ట్రైలర్ తగిలించి, లోడుతో ఎత్తెక్కించి సూడండి," అన్నాను.

షోరూమ్ కుర్రాడు జయంత్ నా వంక తిరిగాడు. అప్పటిదాకా మామకి డీజిల్ ఆదా గురించే చెబుతున్నవాడు, నేను అడిగాక అసలు సంగతి చెప్పాడు. హార్స్ పవర్ ఎక్కువుంటే బండి పరుగెడుతుంది గానీ, నిలబడ్డ బరువుని కదపాలంటే టార్క్, అంటే తిప్పే బలం, ఉండాలన్నాడు. అది కూడా ఇంజన్ మెల్లగా తిరుగుతున్నప్పుడే రావాలట, లేకపోతే క్లచ్ కాలుతుందట. వెనక ఇరుసులో పళ్ళచక్రాలు రెండు రకాలుగా వస్తాయన్నాడు. ఒకటి చదును రోడ్డుకి, మైలేజీ ఇస్తుంది. ఇంకోటి ఘాట్‌కి, వేగం తగ్గి లాగుడు పెరుగుతుంది. దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కకుండా ఇంజనే బండిని పట్టి ఉంచే ఏర్పాటు పెద్దదాంట్లో ఉందన్నాడు.

చిన్నాన్న కాలు పోయాక తెలిసింది మాకు, షోరూమ్‌లో అడిగితే చెప్పే సంగతి ఇది. మామ ఎప్పుడైనా అడిగితే కదా.

ఆటోనగర్ వెనక గుట్ట మీదికి ఒక క్వారీ రోడ్డుంది. మా ట్రైలర్‌లో ఎప్పటి లోడే వేసి, మొదట మామ మెచ్చిన చిన్న ఇంజన్ బండి తగిలించారు. తిరుమలరావు తోలాడు. నేను సగం ఎత్తులో, రోడ్డుకి బాగా ఎడంగా నిలబడ్డాను. నా దగ్గరికి వచ్చాక ఆపి మళ్ళీ కదపమని ముందే చెప్పాను.

ఆపాడు. కదపబోయాడు. ఇంజన్ గొంతు చించుకుంది, బండి కదల్లేదు. క్లచ్ కాలిన వాసన గుప్పుమంది. బండి వెనక్కి జారింది, అతను బ్రేకు తొక్కిపట్టాడు. చక్రాల కింద గులకరాళ్ళు పటపట చిట్లాయి.

ఎలాగో కిందికి దింపి, కేబిన్ లోంచి దిగి, తుప్పల పక్కకి పోయి వాంతి చేసుకున్నాడు. ఆ క్లచ్ వాసన అతనికి ఏ రోజుని గుర్తు చేసిందో నాకు తెలుసు. మూతి తుడుచుకుని తండ్రి దగ్గరికి వచ్చాడు.

"ఈ ఇంజన్‌తో నాను ఘాట్ ఎక్కను నాన్నా."

తర్వాత పెద్ద ఇంజన్, ఘాట్ ఇరుసు ఉన్న బండి తగిలించారు. అదే లోడు, అదే ఎత్తు, అదే చోట ఆపాడు. క్లచ్ వదిలాడు. బండి ఒక్క వేలెడు కూడా వెనక్కి రాలేదు. రొప్పు లేదు, వాసన లేదు. అలా పైకి వెళ్ళిపోయింది. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

మామ నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత మెల్లగా నవ్వాడు. జయంత్ భుజం మీద చెయ్యేశాడు.

"ఎంతేసినా లాగీత్తాదేటి బాబూ?"

రూలు ప్రకారం ఎంత వేయాలో అంతే వేయాలని జయంత్ చెప్పాడు. అదేలే అదేలే అని మామ అక్కడికక్కడే సరేనన్నాడు. ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడేమిటని నేను అడగలేదు. గెలిచాననుకున్నాను. ఇంటికి వెళుతూ చిన్నాన్నకి జిలేబీ కొన్నాను. ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఇంక దిమ్మతో పన్లేదన్నమాట," అన్నాడు. అత్త పక్కనే నిలబడి విని, కొంగుతో మొహం తుడుచుకుంది.

*

బండి తెచ్చిన రోజు షోరూమ్‌వాళ్ళు దండ వేసి, స్వీటు పెట్టె, తాళంచెవుల కవరు చేతికిచ్చి ఫొటో తీశారు. మామ పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. ట్రైలర్‌ని లోడింగ్‌కి పంపించి, మర్నాడు పొద్దున్నే ఇంటి ముందుకి తెప్పించాడు. పూజ చేసి అటునుంచి అటే సాలూరు మీదుగా మొదటి ట్రిప్పు.

మా ఇంట్లో మొదటి ట్రిప్పుకి ఒక పద్ధతుంది. తాళంచెవి దేవుడి దగ్గర పెట్టి, ఇంటి పెద్దావిడ తన చేత్తో తీసి డ్రైవర్ చేతిలో పెడుతుంది. ఆవిడ ఇవ్వందే బండి కదలదు. మామ తల్లి బతికుండగా ఆవిడ ఇచ్చేది, తర్వాతనుంచి మా అత్త.

నేను పూల బుట్ట పట్టుకుని బయటికి వచ్చాను. ముందు లోడు చూశాను. బిల్లెట్లనే లావుపాటి ఇనుప కడ్డీలు వరసలు వరసలుగా పేర్చి గొలుసులు బిగించారు. మామూలుగా లోడు ఏ వరసతో ఆగుతుందో నాకు తెలుసు. దాని మీద ఇంకో వరస ఉంది. ట్రైలర్ టైర్లు అడుగున ఉబ్బి కనపడుతున్నాయి.

తర్వాత పూజ గుడ్డ చూశాను. కొబ్బరికాయలు, అరటిపళ్ళు, చక్రాల కింద పెట్టే నిమ్మకాయలు. వాటి పక్కన దిమ్మ. కొత్తది కూడా కాదు, అదే. కడిగి పసుపు రాసి మూడు బొట్లు పెట్టారు. పసుపు కింద టైరు అచ్చు అలాగే ఉంది.

మామ వైపు తిరిగాను.

"పెద్ద ఇంజనే గదా మావయ్యా. దిమ్మ దేనికి?"

"పెద్ద ఇంజన్ గనకే పెద్ద లోడేసేను. శివరామకృష్ణకి మాటిచ్చీసేను, ఆడి సరుకంతా ఒక్క ట్రిప్పులో కొండెక్కిచ్చేత్తానని. లేపోతే ఇంత ఇంజన్ దేనికి తెచ్చినట్టు? సూపించుకోడానికా?"

ఆ శివరామకృష్ణ మాకు లోడులిచ్చే కాంట్రాక్టరు. మామ మొహంలో సిగ్గు వెతికాను. లేదు. చాలా సంతోషంగా ఉన్నాడు. పాత ఇంజన్‌కి పాత లోడు ఎంత బరువో, ఈ ఇంజన్‌కి ఈ లోడూ అంత బరువే. క్వారీ రోడ్డు మీద మేం చూసినదంతా ఆ ఒక్క వరస కింద పడి పోయింది.

"మరి దిమ్మ ఎవరేత్తారు?"

తిరుమలరావు అద్దం తుడుస్తున్నాడు. తుడిచిన చోటే తుడుస్తున్నాడు. అప్పుడు కేబిన్ అవతలి తలుపు తెరిచి ఉండటం గమనించాను. మెట్టు మీద ఒక జత తోలు చెప్పులున్నాయి. కొత్త బండిలోకి చెప్పులతో ఎక్కకూడదని విప్పి పెట్టుకునే మనిషి నాకు తెలిసి ఒక్కడే.

మా నాన్న లోపల కూర్చుని ఉన్నాడు. డిపో రోజుల ఖాకీ చొక్కా వేసుకున్నాడు. ఒళ్ళో తువ్వాలు, అన్నం క్యారేజీ.

"దిగు నాన్నా," అన్నాను.

"బావగారు అడిగారమ్మా. కాదంటే బాగోదు." ఒళ్ళో తువ్వాలు సర్దుకున్నాడు. "నేనిలా సాయంగా ఉంటే నీ మీద మాటలు తగ్గుతాయి. అందుకని."

ఏమనాలి ఆయన్ని? నా కోసమట. నన్ను ఒక్క మాట అనకుండా ఉండటానికి, తన కాళ్ళు తెచ్చి ఆ చక్రం పక్కన పెడతాడట. మా మామ అది కనిపెట్టి కుర్చీ వేయించి, టీ ఇప్పించి, మోకాళ్ళు బాగున్నాయా అని అడిగాడు. థూ.

హారతి అయింది. అత్త వంగి తాళంచెవి తీసుకుంది. తిరుమలరావు చొక్కాకి చేతులు తుడుచుకుని దోసిలి పట్టాడు.

అత్త ఇవ్వలేదు. గుప్పిట మూసింది.

"ఇయ్యే," అన్నాడు మామ.

"పైవరస దింపించు."

చిన్నాన్న కాలు పోయినప్పటినుంచి ఆవిడ మొగుడితో అన్న మొదటి మాట అది. గొంతు పెంచలేదు. మామ నవ్వబోయి, చుట్టూ నిలబడ్డ వీధివాళ్ళని చూసి ఆపుకున్నాడు.

"మంచి టయం దాటిపోతంది దేముడమ్మా."

"నా తమ్ముడు దిమ్మ ఏసేడు. కునుకు తియ్యనేదు. ఈళ్ళందరి ముందూ ఆ మాట సెప్పు. తర్వాత పైవరస దింపించు. అప్పుడిత్తాను."

ఇంటి తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల మంచం మీద చిన్నాన్న మోచేతి మీద లేచి వింటున్నాడు. ఆయనకి కావలసింది ఆ ఒక్క మాటే. మామ ఒక్కసారి అంటే చాలు.

మామ జేబులో చెయ్యి పెట్టాడు. మెరుస్తున్న ఇంకో తాళంచెవి తీశాడు. దానికి షోరూమ్ బిళ్ళ ఇంకా వేలాడుతోంది.

"షోరూమోడు రెండిచ్చేడు," అని కొడుకు దోసిట్లో వేశాడు.

తిరుమలరావు ఆ తాళంచెవి వంక చూశాడు. తల్లి వంక చూశాడు. క్వారీ రోడ్డు పక్కన వాంతి చేసుకున్న మనిషి, ఎక్కను నాన్నా అన్న మనిషి, ఇప్పుడు ఏమైనా అంటాడేమోనని నేను చూశాను. అతను తల వంచుకుని మెట్టెక్కాడు. ఆ వంచిన మెడని చూసినంత అసహ్యం నాకు మా మామని చూసినా కలగలేదు.

అత్త గుప్పిట తెరిచింది. తాళంచెవి ఇంకా అందులోనే ఉంది. బయట ఇంజన్ స్టార్టయింది.

మంచి ఇంజన్. మెల్లగా, బరువుగా, ఎక్కడా తడబడకుండా తిరుగుతోంది.

పూల బుట్ట కింద పెట్టాను. పూజ గుడ్డ మీంచి దిమ్మ తీసుకున్నాను. ఇంత బరువుంటుందని నాకు తెలియదు, రెండు చేతులా ఎత్తవలసి వచ్చింది. పసుపు చేతులకి అంటుకుంది. తీసుకెళ్ళి ముందు చక్రం కింద, నిమ్మకాయ పక్కన పెట్టి, బంపర్‌కి ఎదురుగా నిలబడ్డాను.

"తప్పుకో," అన్నాడు మామ.

అద్దంలోంచి నాన్న నన్నే చూస్తున్నాడు. తిరుమలరావు గేరు వేసిన చప్పుడు వినపడింది.

ఈ దిమ్మకి ఈ ఇంజన్ ఆగదు. ఆ సంగతి అక్కడున్న అందరికన్నా నాకే బాగా తెలుసు. ఈ ఇంజన్‌ని ఏరి తెచ్చింది నేనే.